ఉత్తరదిశగా, లచ్చితో

కుక్కను వెంటబెట్టుకొని ఉత్తరదిక్కుకు పయనమైనవారిలో మన సాహిత్యం ఎరిగిన మొదటివాడు ధర్మరాజు. రామగిరి నుంచి ఉత్తరానికి బయలుదేరినవాటిలో మొదటిది కాళిదాసు మేఘం. ఆ రామగిరి నాగపూరు దగ్గరి రామ్‌టెక్ అని పండితులు అనేకులు అంటారు. కాదు, పెద్దపల్లికీ మంథనికీ నడుమనున్న మన రామగిరి ఖిల్లాయే అని మావాళ్ళు అంటారు. ఈ తగవులో నేను మావాళ్ళ పక్షం. ఆధారాలు మాత్రం అడక్కండి. ఆ గుట్టను చూస్తూ పెరిగినవాణ్ణి కనుక, 2025 వేసవిలో మేము హాంబర్గు నుంచి ధ్రువరేఖ దాటి స్వీడన్‌లోని కిరునా దాకా వెళ్ళినప్పుడు ఆ రెండు పయనాలూ తరచుగా గుర్తుకొచ్చాయి.

వెళ్ళింది నలుగురం. నేను, నా భార్య, గోదావరిఖని నుంచి మమ్మల్ని చూడవచ్చిన మా బాపు, లచ్చి. లచ్చి అసలు పేరు లూనా. రొమేనియా వీధుల్లో పుట్టి, అక్కడి వీధికుక్కలు అనేకం వచ్చినట్టే జర్మనీకి వచ్చి, మా ఇల్లు చేరింది. బాపు దాన్ని చూసీ చూడగానే "ఇది ఊరకుక్క గదరా!" అని తేల్చేశాడు. పేరు విని మరీ నవ్వాడు. "లూనా అంటే బండి గద. నేను ఇరవై ఏండ్లు నడిపిన." ఆనాటి నుంచి అది లచ్చి అయింది. రెండోరోజుకే ఆ పేరుకు పలకడం మొదలుపెట్టింది, మేము పిలిస్తే తిరిగి చూడనిది!

బాపు వీసాకై హైదరాబాదులో వేలిముద్రలిచ్చి, బ్యాంకు కాగితాలు సమర్పించి, తొంభై రోజుల గడువుతో వచ్చినవాడు. లచ్చికి నీలిరంగు పాస్‌పోర్టు ఉంది. అందులో రేబిస్ టీకా ముద్ర ఉంటే ఐరోపా దేశాల సరిహద్దులు చాలావరకు దాటవచ్చు. నార్వేకు మాత్రం అదనంగా మరొకటి కావాలి. అడుగుపెట్టడానికి 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా, పశువైద్యుడు బద్దెపురుగుల మందు మింగించి, ఆ సమయం పాస్‌పోర్టులో రాసి సంతకం చేయాలి. ఇది చదివి వినిపిస్తే బాపు "నన్ను గూడ అడుగుతరేమో, ఎందుకైన మంచిది, ఒక గోలి నాక్కూడ తెమ్మను" అన్నాడు.

డెన్మార్కు గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. వంతెనలు దాటాము, అంతే. 1998లో తెరిచిన గ్రేట్ బెల్ట్ వంతెన, 2000లో తెరిచిన ఎరసుండ్ వంతెన. ఓడెక్కే పని లేకపోవడం లచ్చికి మేలైంది. మాల్మో నుంచి ఉత్తరానికి తిరిగాక రోజులన్నీ ఒక్క తీరుగా గడిచాయి. ఒకవైపు అడవి, ఒకవైపు బోత్నియా సింధుశాఖ, నడుమ తెగని రోడ్డు. అద్దెకు తెచ్చుకున్న క్యాంపర్‌వ్యాన్‌లో రెండు పడకలు, రెండు గ్యాసు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్జు, లాగి బయట పారబోయవలసిన మరుగుదొడ్డి డబ్బా. (ఆ డబ్బా బాధ్యత ఎవరిదన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం.) తాలింపు వేస్తే ఆ వాసన మర్నాటి దాకా దుప్పట్లలో ఉండేది. లచ్చి పెరుగన్నం బాపు చేతిది తప్ప తినడం మానేసింది.

ఆ దేశంలో ఎవరి అడవిలోనైనా నడవడానికి, ఒక రాత్రి గుడారం వేసుకోవడానికి అందరికీ హక్కుంది. అది కాలినడకన పోయేవాడి హక్కే గాని బండిది కాదు. బండి రోడ్డు పక్కన విశ్రాంతి స్థలాల్లోనే ఆగాలి. కుక్కనూ వదలకూడదు; వేసవి పక్షులు గుడ్లు పొదిగే కాలం, పైగా ఉత్తరాన సామీల రెయిన్‌డీర్ మందలు తిరుగుతుంటాయి. యెల్లివారె దాటాక ఒక మంద రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. బండి ఆపాము. బాపు లచ్చి తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకొని, ఆ మందను మన గొల్లకురుమల మందను చూసినట్టు చూశాడు. "మందతోని కుక్క లేదేందిరా?" అని మాత్రం అడిగాడు.

కిరునా ఇనుపగని మీద పుట్టిన ఊరు, వయసు నూటపాతికేళ్ళు. గని కొండ ఒకవైపు, ఊరు ఒకవైపు. ఖనిజపు పొర కొండలో మొదలై ఏటవాలుగా ఊరి కిందికి దిగుతుంది. ఖనిజం తీసినకొద్దీ పైనున్న రాయి కూలి ఆ ఖాళీలోకి దిగుతుంది. ఆ పగుళ్ళు నేల మీదుగా ఊరి వైపు వస్తాయి. నేను ఇదంతా పటం గీసి చెప్పబోతే బాపు మధ్యలోనే ఆపాడు. ముప్పై ఏళ్ళు బాయిలో టింబర్‌మన్ పని చేసినవాడు. కట్టె ఆసరా నిలిపి, కప్పు చప్పుడు విని బతికినవాడు. "గోఫ్ గదరా ఇది. మనం కట్టె తీసి కప్పు దించుతం, వీళ్ళు రాయి దించుతాండ్లు. కింద దించుతాంటే మీద ఊరెట్లుంటది?"

మర్నాడు బాపు, నా భార్య బస్సులో గని లోపలికి, 540 మీటర్ల లోతున సందర్శకులకై ఏర్పరచిన చోటికి వెళ్ళివచ్చారు. లచ్చి కోసం నేను పైనే ఉన్నాను. తిరిగి వచ్చాక బాపు చెప్పింది ఒక్కటే: "బాయిలకు బస్సు పోతాంది. మేం నడిచి దిగినం, నడిచి ఎక్కినం."

ఆ సాయంత్రం (సాయంత్రమని గడియారం అంటోంది, సూర్యుడు మాత్రం నడిరాత్రి దాటినా దిగే రోజులు కావవి) పాత చర్చి దగ్గరికి నడిచాము. 1912లో పూర్తయిన కట్టె కట్టడం. ఊరితో పాటు అయిదు కిలోమీటర్లు తరలించడానికై దాన్ని విప్పకుండా, మొత్తంగా ఉక్కు దూలాల మీదికి ఎత్తుతున్నారు. బరువు 672 టన్నులు. అది పోయేందుకు తొమ్మిది మీటర్ల రోడ్డును ఇరవైనాలుగు మీటర్లు చేశారు. బాపు కంచె బయటి నుంచే దూలాలను చాలాసేపు పరీక్షించి "కట్టె మంచిది" అన్నాడు. ఆ తర్వాత లచ్చి మెడ నిమురుతూ మోతి సంగతి చెప్పాడు.

మా ఊరు ఉపరితల గనిలో పోయిందని నాకు తెలుసు. నేనప్పుడు చదువుకై హైదరాబాదులో ఉన్నాను. సెలవులకు వచ్చేసరికి మావాళ్ళు కాలనీలో ఉన్నారు. ఇంటికి, బావికి, చింతచెట్టుకు లెక్క కట్టి డబ్బిచ్చారని విన్నాను. మోతి గురించి అడిగితే అవ్వ "అది అక్కడనే ఉన్నది" అన్నది. అంతవరకే తెలుసు నాకు.

"తీస్కపోయిన. మూడు దినాలు కట్టేసిన. ముద్ద ముట్టలే, రాత్రంత ఏడ్చుడే. ఇప్పంగనే ఉరికింది. ఉరికి ఎటు పోతది, ఊరికే పోయింది. మన వాకిట్ల, మన గడప మీద పన్నది. తలుపులు లేవు, కప్పు లేదు, గడపొక్కటే ఉన్నది. గప్పటి నుంచి ఫస్టు షిఫ్టు దిగినంక లూనా మీద అన్నం తీస్కపోతుంటి. తినేది. బండెక్కు అంటే ఎక్కకపోవు. రెండు నెలలు పోయిన. ఒకనాడు పోతే గడప గూడ లేదు."

ఆ తర్వాత ఏమైందని నేను అడగలేదు. ధర్మరాజు కథ నాకు గుర్తుకొచ్చింది గాని, పైకి అనలేదు. ఆ కథలో కుక్క వెంట వచ్చింది. దాన్ని విడువనన్నందుకు ఆయనకు పరీక్ష నెగ్గిన కీర్తి దక్కింది. వెంట రానన్న కుక్క కోసం రెండు నెలలు వెనక్కి పోయివచ్చినవాడికి తిక్కన గారి మహాప్రస్థానిక పర్వంలో చోటు లేదు.

కాసేపటికి బాపే మళ్ళీ అన్నాడు. "ఈ ఊరంత తిరిగినం. ఒక్క ఊరకుక్క కనవడలే. అన్నిటికీ ఇండ్లున్నయి. గందుకే వీళ్ళకు ఊరు జరుపుడు అల్కగ అయితాంది."

అల్కగా అయిందేమీ కాదు. ఊరు కదలక తప్పదని కంపెనీ ప్రకటించింది 2004లో. కొత్త ఊరి నడిబొడ్డు తెరిచింది 2022లో. పాత పురమందిరాన్ని కూల్చేశారు. దాని గడియార స్తంభాన్ని మాత్రం తీసుకెళ్ళి కొత్త భవనం పక్కన నిలిపారు. కాని ఆ రాత్రి బాపుతో వాదించబుద్ధి కాలేదు.

నార్విక్ దాకా వెళ్ళి, లచ్చి మందు ముద్ర చూపించి, సముద్రం ఒడ్డున రెండు రోజులుండి వెనుదిరిగాము. బాపు ఆగస్టు మొదట్లో ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆగస్టు 19, 20 తేదీల్లో చర్చిని తరలించారు. స్వీడన్ టెలివిజన్ అంతా ప్రత్యక్షంగా చూపింది. గంటకు అరకిలోమీటరు వేగం. లింకు పంపితే బాపు గోదావరిఖనిలో ఫోనులో చూసి, రాత్రి పిలిచాడు.

"పొద్దటి సంది చూస్తాన. నా లూనా నయం" అన్నాడు. "పోయేటప్పుడు గడప గూడ తీస్కపోయిండ్లారా?"

తీసుకెళ్ళారన్నాను.

"మంచిగ చేసిండ్లు. లచ్చి తిన్నదా?"