రేడియోలో వెనక సగం

గిటారు పట్టినవాళ్ళలో రెండు తెగలున్నాయి. వాయించేవాళ్ళు ఒక తెగ. వాయించడం తక్కువా, సామాను కొనడం ఎక్కువా అయినవాళ్ళు రెండోది. నేను ఏ తెగవాణ్ణో మా ఆవిడ ఏనాడో తేల్చేసింది. అందుకే సంక్రాంతి నెలలో మా యింటికి బరువైన అట్టపెట్టె వచ్చి, అందులోంచి యాంప్లిఫయరుకు బదులు దాని తాలూకు ముక్కలు బయటపడితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "చేసిపెట్టినవి అమ్మరా?" అని మాత్రం అడిగింది. ఖరీదు ఆవిడకు చెప్పలేదు గనుక మీకూ చెప్పను.

"నా ఫోన్లో యిలాంటి యాంప్లిఫయర్లు నలభై వున్నాయి నాన్నా" అంది మా అమ్మాయి. నిజమే. కాని అందులో వాల్వు వెలగదు గదా!

వాల్వంటే యీకాలపు పిల్లలకు తెలియదు. పెద్దవాళ్ళకు జ్ఞాపకం వుంటుంది. వెనకటి రేడియోలో మీట తిప్పగానే పాట వచ్చేది కాదు. వెనక అట్ట కన్నాల్లోంచి ఎర్రటి వెలుగు కనిపించి, కాసేపటికి గొంతు విచ్చుకునేది. ఆ వెలుగు వాల్వుది. గాలి తీసేసిన గాజుబుడ్డిలో చిన్న గొట్టాన్ని వేడిచేస్తే, దానినుంచి ఎలక్ట్రాన్లు ఆవిరిలా లేస్తాయి. ఎదుట ప్లేటుమీద వందల వోల్టులుంటే అటు పరుగెత్తుతాయి. ఆ దారికి అడ్డంగా సన్నటి తీగెల జాలీ వుంటుంది. అదే అసలు కిటుకు. మన డెల్టాలో కాలవ తూము తలుపు చూశారు గదా. మనిషి పైన చక్రం కాస్త తిప్పితే కింద కాలవంతా హెచ్చుతుంది, తగ్గుతుంది. గిటారు తీగె కదిలితే పుట్టే రవ్వంత విద్యుత్తు, చక్రం తిప్పే ఆ చెయ్యి. స్పీకరును ఆడించే శక్తి, ఆ కాలవ. 1947లో ట్రాన్సిస్టరు పుట్టాక, మెల్లిగా వాల్వులు యిళ్ళు ఖాళీచేసి వెళ్ళిపోయాయి. ఒకప్పుడు బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్సువారు కూడా వాటిని తయారుచేసేవారు. ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనాలనుంచి తెప్పించుకోవాలి.

ఆ నెలలోనే మా బాబాయి కంటి పరీక్షలకని మాయింట్లో వున్నాడు. తెనాలిలో ముప్పై ఏళ్ళపాటు రేడియోలు బాగుచేసినవాడు. ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి, చిన్న అక్షరాలు కనపడవు. భోజనానికి పిలిస్తే రావడం, మళ్ళీ వెళ్ళి కిటికీ దగ్గర కూర్చోవడం తప్ప మాట పెద్దగా లేదు. ఒకరోజు నేను పటం పరుచుకుని కూర్చుంటే, భూతద్దం తెచ్చుకుని వంగి, వేలుతో గీతలవెంట నడిచాడు.

"ఇది రేడియోరా. ముందు సగం కోసేశారు" అన్నాడు.

ఆయనన్నది అక్షరాలా నిజం. స్టేషన్లు పట్టే భాగం తీసేస్తే రేడియోలో మిగిలేది దాదాపు యిదే. 1950 దశకంలో అమెరికాలో ఫెండరు కంపెనీ 'చాంప్' అనే పేర అమ్మిన చిన్న యాంప్లిఫయరు నమూనా అది. 12ఏఎక్స్7, 6వి6, 5వై3 అని మూడే వాల్వులు. ఒకటే మీట. శక్తి అయిదు వాట్లకు అటూ యిటూ. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండరు 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణం తెరిచినాయన. గిటారు వాయించడం మాత్రం రాదు. ఈ సంగతి చెబితే బాబాయి, "వాయిస్తూ కూర్చుంటే బాగుచెయ్యడానికి తీరికెక్కడిదీ!" అన్నాడు. చాలా రోజులకు నవ్వాడు.

ఇక రాత్రిళ్ళు పని. నేను రెసిస్టెన్సుల మీది రంగులు చదివేవాణ్ణి. "గోధుమ, నలుపు, పసుపు" అంటే, "లక్ష ఓములు. వాల్వు ప్లేటుకి" అని ఠక్కున వచ్చేది జవాబు. టంకం మెరవాలి, మసగ్గా వుంటే లోపల పట్టలేదన్నమాట. ఒకసారి కడ్డీ తన చేతికి తీసుకున్నాడు. ముక్కు బోర్డుమీద అటూ యిటూ ఊగింది. తిరిగి స్టాండులో పెట్టేసి, "నువ్వు పెట్టు, నే చెబుతా" అన్నాడు. నేను తల ఎత్తలేదు.

ఈ వస్తువుతో హాస్యం కాదు సుమండీ. లోపల మూడువందల యాభై వోల్టుల దాకా వుంటుంది. ప్లగ్గు తీసేసినా కండెన్సర్లు ఆ విద్యుత్తును పట్టుకునే వుంటాయి. రెసిస్టెన్సు తగిలించి దాన్ని దించి, మీటరుతో సున్నా చూసుకున్నాకగాని వేలు పెట్టరాదు. కరెంటున్నప్పుడు తడమవలసివస్తే ఒక చెయ్యి వెనక్కి కట్టుకోవాలి. రెండు చేతులూ పెడితే దెబ్బ గుండెమీదుగా పోతుంది. మా అమ్మాయి దగ్గరకు రాకుండా బాబాయి బల్లచుట్టూ ముగ్గుపిండితో గీత గీశాడు. గీత వంకరగానే వచ్చింది గాని, ఎవరూ దాటలేదు.

మొదటిసారి కరెంటివ్వడానికి సీరీస్ బల్బు కావాలన్నాడు. లోపల ఎక్కడైనా షార్టయితే వాల్వులు మాడకుండా ఆ బల్బే భగ్గున వెలిగి హెచ్చరిస్తుంది. దీనికి ఎల్ఈడీ పనికిరాదు, తీగె బల్బే కావాలి. మూడు కొట్లు తిరిగినా దొరకలేదు. చివరకు అటకమీది పాత సామానులోంచి వంద క్యాండిల్ బల్బొకటి మా ఆవిడే తీసిచ్చింది.

స్విచ్చి వేశాం. బల్బు ఒక్కసారి వెలిగి మందగించింది. వాల్వులు ఎర్రబడ్డాయి. అంతలో స్పీకరు పెద్దపెట్టున కూత పెట్టింది! మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. బాబాయి కదలలేదు. తల పక్కకు వాల్చి విని, "ఆపు. ఫీడ్‌బ్యాకు తిరగబడింది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు తీగెలు రెండూ అటుదిటు మార్చు" అన్నాడు. అమ్మినవారు పంపిన కాగితంలో ఒక రంగులు, ట్రాన్స్‌ఫార్మరుకు మరో రంగులు. ప్లగ్గు తీయించి, మీటరు సున్నా చూపేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు. మార్చాక, కూత లేదు. సన్నటి గుయ్యిమనే చప్పుడు తప్ప నిశ్శబ్దం.

మోహన స్వరాలు మెల్లిగా మీటాను. తేనెలా వచ్చింది. మీట పెంచి గట్టిగా కొడితే స్వరం అంచులు నలిగి, గొంతు జీరబోయినట్టు పలికింది. దానికోసమే యింత తాపత్రయం. బాబాయి మొహం చిట్లించాడు.

"డిస్టార్షనురా! జనం డబ్బిచ్చి నాచేత దీన్నే తీయించుకునేవాళ్ళు."

"గిటారువాళ్ళు డబ్బిచ్చి పెట్టించుకుంటారు బాబాయ్."

నమ్మలేదు. పెట్టెకు చెవి ఆనించి, వణికే వేళ్ళతో మీటను తనే వెనక్కి తిప్పాడు. మెల్లిగా కొడితే శుభ్రంగానూ, గట్టిగా కొడితే జీరగానూ పలికే చోట ఆపాడు. అంతటి చోటు నాకు వారంపాటు వెతికినా దొరికేది కాదు. "ఇక్కడుంచు. వాల్వు ఊపిరి పీలుస్తుంది" అన్నాడు.

ఆ ఆదివారానికి తెనాలి టిక్కెట్టు తీసి వుంది. శనివారం పొద్దున్న బాబాయి మా అమ్మాయిని పిలిచాడు.

"అమ్మడూ, ముందు సగానికి సామాను ఎక్కడ దొరుకుతుందో నీ ఫోన్లో చూడు. టిక్కెట్టు సంగతి మీ నాన్న చూసుకుంటాడు."