షాషిలో మూడు దినములు

చైనా దేశమనగానే మన చదువరుల మనస్సులకు మహానగరములును, మింటినంటు మేడలును, వాయువేగమున పరుగిడు రైళ్లును తోచును. మేమును అట్టి వానినే తలచుకొని బయలుదేఱినవారము. మా కుమార్తె యున్నాన్ రాష్ట్రపు ముఖ్యపట్టణమగు కున్‌మింగ్‌లో ఉద్యోగము చేయుచున్నది. గడచిన శరత్కాలమున మేము దంపతుల మామెను చూడబోయినపుడు, "మేడలు మీకు హైదరాబాదులోనే యున్నవి గదా నాన్నగారూ! మిమ్మొక కొండయూరికి తీసికొనిపోయెదను" అని యామె పలికెను. ఏడేండ్ల మనుమరాలును మా వెంట వచ్చెను. అటుల మేము చూచిన యూరి పేరు షాషి. అందు గడపినవి మూడు దినములే. కాని యా మూడు దినములలో మేము నేర్చిన పాఠము మా యింటిని గూర్చినది. దానిని చెప్పుకొనుటకే యీ వ్యాసము.

కున్‌మింగ్ నుండి దాలి పట్టణమునకు 2018లో క్రొత్త రైలుమార్గము తెఱువబడినది. ప్రయాణము సుమారు రెండు గంటలు. అచటి నుండి మోటారుబండిలో ఉత్తరముగా కొండల నడుమ పోవలెను. ఒకవైపు అర్‌హాయ్ సరస్సు, మఱియొకవైపు త్సాంగ్‌షాన్ పర్వతపంక్తి కొంతదూరము మాతో నడచి, పిమ్మట వెనుకబడెను. కనుమలు దాటి దిగగా, సముద్రమట్టమునకు సుమారు 2,100 మీటర్ల యెత్తున, చేతిలోని పళ్లెమువలె నొక లోయ కనబడెను. దాని నడుమ పాఱునది హేయ్‌హ్వీ నది; అది దిగువకు పోయి, మనము మెకాంగ్ అని చెప్పుకొను మహానదిలో కలియును. కోతకు వచ్చిన వరిచేలు, మొక్కజొన్న కంకులు వ్రేలాడగట్టిన పంచలు, బూడిదరంగు పెంకుల యిండ్లు. బండి దిగినంతనే మా చెవులకు మొదట తోచినది చప్పుడు లేమి. మా మనుమరాలు కూడ ఒక నిమిషము పలుకక నిలుచుండెను.

ఇంత నిశ్శబ్దముగానున్న యీ యూరు పూర్వము నిశ్శబ్దమైనది కాదు. దక్షిణ యున్నాన్ కొండలలో పండు తేయాకు టిబెట్టునకును, టిబెట్టు గుఱ్ఱములు చైనాకును పోయిన బాటను తేయాకు గుఱ్ఱముల బాట యందురు. చుట్టుపట్ల నుప్పుబావులున్నందున ఉప్పు బేరమును ఇచటనే జరిగెడిది. కంచరగాడిదల బిడారులు వచ్చి యీ యూరి నడిబజారున విడిసెడివి. ఈ బాటకు మన దేశముతోడను సంబంధము కలదు. రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో బర్మా దారి మూతపడగా, బిడారులు లాసా మీదుగా మన కాలింపాంగ్ నుండి సరకులు తెచ్చినవి. తరువాత మోటారుదారులు పడగా బిడారులు నిలిచినవి. బిడారులతో పాటు ఊరి సందడియు నిలిచినది.

మఱునాటి యుదయమున మేము నడిబజారునకు పోయితిమి. ఎఱ్ఱని యిసుకరాతి పలకలు పఱచిన చదరపు వాకిలి యది. నడుమ రెండు వృద్ధవృక్షములు. ఒక ప్రక్క దేవాలయము, దాని కెదురుగా నాటకశాల. దేవుడు చూచునట్లుగా నాటకమాడుట యచటి మర్యాద కాబోలు. ఆ నాటకశాల పై యంతస్తున విద్యార్థుల పరీక్షలకు అధిదేవతయగు కూయ్‌షింగ్ వెలసియున్నాడు. క్రింద ఆట, పైన చదువు. ఈ యమరిక మాకు మిక్కిలి నచ్చినది.

దేవాలయము పేరు షింగ్‌జియావో. మింగ్ రాజుల కాలమున, 1415లో కట్టినది. ఇచటి జనులు బాయి జాతివారు. వారిలో వ్యాపించిన తాంత్రిక బౌద్ధమునకు 'అజాలి' యని పేరు. ఈ మాట యేమని మా కుమార్తె నడుగగా, తన చేతిలోని యంత్రమున వెదకి, "నాన్నగారూ, ఇది మన 'ఆచార్య' శబ్దమేనట" అనెను. మేము నివ్వెఱపోయితిమి. సంస్కృతమునుండి బయలుదేఱిన యొక మాట, ఇన్ని కొండలు దాటి, పరుల నాలుకపై రూపుమాఱి, వేయేండ్లకు మించి బ్రదికియున్నది. మాట మనుజునికంటె దీర్ఘాయువు కలది, పలుకువారుండవలెనే కాని. వారి గ్రామములం దొక్కొక్క యూరిని కాపాడు దేవతలు వేఱుగ నున్నారు. మన పోలేరమ్మకును వారికిని చుట్టఱికము కలుపుటకు మా భార్యకు క్షణమైన పట్టలేదు.

ఈ బజారు శిథిలమగుచుండగా, ప్రపంచ స్మారక నిధి యను సంస్థ దీనిని 2002వ సంవత్సరపు ప్రమాదస్థలముల పట్టికలో చేర్చినది. పిమ్మట స్విట్జర్లాండులోని జూరిచ్ సాంకేతిక విద్యాపీఠము వారును, జియన్‌చువాన్ మండలాధికారులును కలిసి యుద్ధరణకు పూనుకొనిరి. ఆ పని జరిగిన తీరు మనకు శ్రద్ధగా చూడదగినది. పాతదానినెల్ల పడగొట్టి పాతదానివలె క్రొత్తది కట్టలేదు. నిలువగల దూలమును నిలిపిరి, పుచ్చిన దూలమును మార్చిరి. ఆలయపు స్తంభమొకదానిని మేము తడవి చూచితిమి. మొదట క్రుళ్లినంత మేర కోసి క్రొత్త కఱ్ఱ నతికిరి. అతుకు తెలియుచునే యున్నది. ఈ మండలపు వడ్రంగులు యున్నాన్ అంతటను పేరుగన్నవారు. సంస్కారమనగా ఏమో చెప్పుటకు మన సభలలో గంటలకొలది యుపన్యసింతుము. ఇచట నొక స్తంభము దానిని మాటాడక చెప్పుచున్నది.

ఐనను ఉద్ధరణమునకు సైతము వెల యుండును. ఉత్తరమున నున్న లీజియాంగ్ పాతపట్టణము 1996 నాటి భూకంపమున దెబ్బతిని, మరుసటి యేడు ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటింపబడినది. యాత్రికులు వెల్లువగా వచ్చిరి, ఇండ్లు దుకాణములాయెను, పుట్టి పెరిగినవారనేకులు ఇండ్లను బాడుగకిచ్చి వెలుపలికి పోయిరి. గోడలు మిగిలినవి, ఇరుగుపొరుగు పోయినది. షాషిలో ఇంకను అంతటి స్థితి రాలేదు కాని, బజారు చుట్టునున్న పాతయిండ్లలో పెక్కు విడుదులును కాఫీయంగళ్లునైనవి. నడుపువారిలో పరదేశీయులు కలరు.

శుక్రవారము సంతదినము. సంత యిపుడు పాతబజారున గాక యూరి వెలుపలి వీథిలో జరుగుచున్నది. కొండలపైనుండి యీ జాతివారు దిగివచ్చిరి. నీలపు తలగుడ్డలు చుట్టుకొన్న బాయి స్త్రీలు వీపున వెదురుగంపలు మోసి బేరములాడుచుండిరి. మోయువారు స్త్రీలు, బేరమాడువారు స్త్రీలు, పైకము లెక్కించువారును స్త్రీలే. ప్రక్కన పొగగొట్టములు పీల్చుచు కూర్చున్న పురుషులను చూచి మా భార్య నవ్వెను. మేము నవ్వలేదు. అక్రోటుకాయలు, పుట్టగొడుగులు, ఎండుమిరప, కొడవళ్లు, పందిపిల్లలు. ఒక ముసలమ్మ అమ్ముచున్న తెల్లని ముద్దను చూచి ఆశ్చర్యపడితిమి. అది మేకపాలు విఱుగగొట్టి, గుడ్డలో నదిమి చేసిన జున్ను; రూబింగ్ అందురు. చైనాలో బహుజనులకు పాలవంటకములు సంప్రదాయము కాదు. ఈ జాతివారికి మాత్రము చిరకాలముగా నలవాటు. దానిని ముక్కలు కోసి, నూనెలో వేయించి పెట్టగా, మన యింటి రుచి నోటికి తగిలి, మా పరదేశభావము సగము తీఱినది.

ఆ సాయంకాలము జరిగిన దానికొఱకే యింత దూరము చదువరులను నడిపించితిమి.

మేము విడిసిన యిల్లు నడుమ వాకిలిగల మండువాయిల్లు. యింటి పెద్ద డెబ్బదియేండ్లు దాటిన వృద్ధురాలు. ఆమె వాకిట కూర్చుండి అక్రోటుకాయలు పగులగొట్టుచుండగా, ఆమె మనుమరాలు మా పిల్లతో నాడుచుండెను. అవ్వ పిలిచిన ప్రతిసారియు ఆ పిల్ల బదులు పలుకుచునే యుండెను. కొంతసేపటికి మా కుమార్తె మెల్లగా, "నాన్నగారూ, గమనించితిరా? అవ్వ మాటాడునది బాయి భాష, పిల్ల బదులు చెప్పునది చైనాభాష" అనెను. మాకు రెండును ఒక్కటిగనే వినబడుచుండెను. ఆ మీదట చెవియొగ్గి వినగా, నిజమే. ఒక మాట ఒక దారిని పోవుచున్నది, బదులు వేఱొక దారిని వచ్చుచున్నది. నడుమ ప్రేమయే దుబాసీ.

అవ్వ మా కుమార్తె వైపు తిరిగి, వచ్చీరాని చైనాభాషలో నేమో యడిగెను. మా కుమార్తె వెంటనే బదులు చెప్పలేదు. ఏమనుచున్నదని మేమడుగగా, "'నీ బిడ్డ వీరితో మీ భాష మాటాడునా?' అని యడుగుచున్నది" అనెను.

మాటాడదు. మా మనుమరాలికి ఇంగ్లీషు వచ్చును, చైనాభాష వచ్చును. తెలుగున 'తాత', 'అమ్మమ్మ' అను రెండు మాటలు వచ్చును. మా కుమార్తె తల యడ్డముగా నూపెను. అవ్వ నవ్వి, "మా పిల్లకు అర్థమగును, నోరు తిరుగదు. ఐనను పాట వచ్చును" అని చెప్పి, పిల్లచేత నొక బాయి పాట పాడించెను. ఈ లోయకు మీదనున్న షిబావోషాన్ కొండపై ఏటేట నొక పాటల తిరునాళ్లు జరుగును. యువతీయువకులు ప్రశ్నకు జవాబుగా పదములల్లి పాడుదురు. ఆ వరుసలోని పాటయట. పాట ముగియగానే అవ్వ మా పిల్లను చూపి, "ఇక మీది" యనెను.

మా పిల్ల మా మొగములు చూచెను. అపుడు మా భార్య, ముప్పదియేండ్ల క్రిందట మా కుమార్తెను ఊయలలో వేసి పాడిన జోలపాటను అందుకొనెను. మా కుమార్తె తలవంచుకొనెను. పాట ముగిసిన పిమ్మట మనుమరాలు తల్లి నడిగినది ఇంగ్లీషున నొక్క ప్రశ్న: అది యే భాష?

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. తప్పు బిడ్డది కాదు. బిడ్డ తల్లిది యంతకంటె కాదు. మా కుమార్తెను మేము చదివించిన పాఠశాలలో తెలుగున మాటాడిన పిల్లలకు జుల్మానా వేసెడివారు. మేమా జుల్మానాను చెల్లించుటయే కాక, ఇంటను తెలుగు మాని ఇంగ్లీషే పలుకుమని బిడ్డను గద్దించినవారము. అది దూరదృష్టి యనుకొంటిమి. ఉద్యోగము వచ్చినది, కాదనము. కాని యొక దూలము పుచ్చినదో లేదో చూడకయే కోసివేసితిమి.

బాయి జనులు 2020 జనగణనను బట్టి ఇరువది లక్షలకు కొంచెము మించియున్నారు. వారి భాషను చీనాలిపితో చెక్కిన 1450 నాటి శిలాఫలకమొకటి దాలిలో కలదు. కాని యా వ్రాత సామాన్యులకు దక్కలేదు. 1950వ దశకమున రోమను అక్షరములతో నొక లిపి కూర్చి, పిమ్మట రెండుమాఱులు సవరించిరి. ఈ షాషికి చెందిన షిలోంగ్ గ్రామమున నీ శతాబ్దారంభమున చిన్నపిల్లలకు మొదట తమ భాషలోను, తరువాత చైనాభాషలోను చదువుచెప్పు ప్రయత్నమొకటి జరిగినది. ఊరి వెలుపల పాత ధాన్యపుకొట్టును 2020లో పుస్తకశాలగా మార్చినారు. పొగాకు కాల్చిన బ్యారను సైతము కవితలకు నెలవుచేసిరి. మేము పోయినపుడు పొలమునుండి వచ్చిన పిల్లలు నేలపై చదికిలబడి చదువుకొనుచుండిరి. మనమో? 2011 లెక్కలను బట్టి ఎనిమిది కోట్లమందిమి. లిపి కలదు, వేయేండ్ల సారస్వతము కలదు, గ్రంథాలయోద్యమము నడపిన పెద్దలు కలరు. సంఖ్యను చూచి ధైర్యపడుదుము. కాని భాష బ్రదుకునది జనగణన పుస్తకమున కాదు, వాకిట అవ్వకును మనుమరాలికిని నడుమ. అచట తెగినచో ఎనిమిది కోట్లయినను ఒక్కటియే, ఇరువది లక్షలయినను ఒక్కటియే.

పరభాషలు వలదని మేమనుట లేదు. ఆ పిల్లకు చైనాభాష అన్నము పెట్టును. మా పిల్లకు ఇంగ్లీషు అన్నము పెట్టును. స్తంభమునకు క్రొత్త కఱ్ఱ యతుకవలసినదే. అతుకుటకును, స్తంభమునే పెఱికివేయుటకును భేదము గుర్తింపవలె నన్నదే మా మనవి. ఈ పని ప్రభుత్వమున కప్పగించి మనము చేతులు కట్టుకొనగూడదు. జుల్మానా వేయు పాఠశాలలు మన రూపాయలతోనే నడచుచున్నవి.

మూడవనాటి యుదయమున బయలుదేఱునపుడు అవ్వ మా పిల్ల జేబులో అక్రోటుకాయలు నింపి, తన భాషలో నేదో చెప్పెను. దుబాసీ లేకయే అర్థమైనది. హేయ్‌హ్వీ నదిమీది రాతివంతెన దాకా మేము నడచిపోతిమి. బిడారులు టిబెట్టునకు పోవు దారియట యది. వంతెన నడినెత్తిన నిలిచి మా భార్య మనుమరాలికి 'ఏఱు' అను మాట చెప్పెను. బండిర నోరు తిరుగలేదు. మూడవమాఱు తిరిగినది.

ఇంటికి వచ్చిన పిమ్మట ప్రతి సాయంకాలమును అరగంటసేపు మేము టెలిఫోనున ఆ బిడ్డతో తెలుగే మాటాడుచున్నాము. బదులు ఇంగ్లీషున వచ్చినను మానము. అవ్వయు మానలేదు గదా. పోయిన నెల తపాలులో మాకొక కాగితము వచ్చినది. దానిపై 'అమమ' అని వ్రాసియున్నది. ఒత్తులు లేవు. మా భార్య దానిని దేవుని పటము ప్రక్కన నంటించినది. ఒత్తులు వచ్చు పండుగకు నేర్పెదము.