తెర మీది మాట

నల్లబల్ల మీద సుద్దముక్కతో పాఠం చెప్పిన తరానికి చెందినవాణ్ణి నేను. నల్లబల్లకు ఒక సుగుణం ఉంది. అధ్యాపకుని చేయి రాసినంత వేగంగానే విద్యార్థి కన్ను చదువుతుంది. స్లైడు అలా కాదు. ఇరవై పంక్తులను ఒక్క క్షణంలో తెర మీద కుమ్మరించగలదు. అప్పుడు చదవాలో, వినాలో తెలియక శ్రోత రెండింటికీ దూరమవుతాడు.

ఈ లోపం ఎంత దూరం పోగలదో ఆలోచించినప్పుడల్లా నాకు కొలంబియా వ్యోమనౌక గుర్తుకు వస్తుంది. 2003 జనవరి 16న అది నింగికెగసిన 82 సెకన్లకు, ఇంధనపు ట్యాంకు నుండి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను గూర్చి స్లైడ్లు రూపొందించి నాసా అధికారులకు చూపారు. ఒక స్లైడులో పెద్ద అక్షరాల శీర్షిక భరోసా ఇస్తున్నట్లు ఉంది. పూర్వం పరీక్షించిన ముక్క 3 ఘనపు అంగుళాలు కాగా, తగిలిన ముక్క 1920 ఘనపు అంగుళాలన్న అంచనా మాత్రం అట్టడుగున చిన్న అక్షరాలలో ఒదిగిపోయింది. అంటే 640 రెట్లు! ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు అసువులు బాశారు. నౌకను కూల్చింది రెక్కకు పడిన రంధ్రమే కాని స్లైడు కాదు. అయినా, ఆ స్లైడును చదివిన ఉన్నతాధికారి అందులోని ప్రాణాపాయాన్ని గుర్తించలేకపోవడంలో వింత లేదని విచారణ సంఘం అభిప్రాయపడింది.

అందుకే నా విద్యార్థులకు నేను కొన్ని నియమాలు చెబుతుంటాను. ఒక స్లైడుకు ఒకే భావం చాలు. శీర్షికలో విషయం పేరు కాక, తేల్చిన సంగతి ఉండాలి. ‘భూగర్భ జలాలు’ అనడం కంటె ‘మా ఊరి బావులు ఎండిపోతున్నాయి’ అంటే సభ మేల్కొంటుంది. అంకెల పట్టిక కంటె చిన్న రేఖాచిత్రం త్వరగా బోధపడుతుంది. తెల్లని తెరపై పసుపు అక్షరాలు కనబడవు. తెలుగు లిపికి మరికొంత శ్రద్ధ అవసరం. మన గుణింతపు గుర్తులు పైకి, ఒత్తులు కిందికి విస్తరిస్తాయి. పంక్తుల నడుమ చోటు చాలకపోతే అవి ఒకదానినొకటి ఒరుసుకొంటాయి. అక్షరం చిన్నదైతే గుడికీ, గుడిదీర్ఘానికీ భేదం తెలియదు.

విద్యార్థులారా! స్లైడును అలంకరించే ముందు చివరి బెంచీలో కూర్చొని ఒకసారి చూడండి. అక్కడివారికి తెలియవలసిన ముఖ్యమైన మాట అన్నింటికన్న పెద్దగా కనిపిస్తున్నదా? స్పష్టత కేవలం అందం కాదు. వినేవారి పట్ల మన బాధ్యత.