చింతచెట్టు మీది కళ్లు

చిత్తూరు జిల్లా పడమటి చివర ఒక రోడ్డు విస్తరణ. పర్యావరణ ప్రభావ మదింపు నివేదికలో జంతువుల భాగం నాది. పన్నెండు కెమెరా ట్రాప్‌లను మేకలు నడిచే బాటల వెంట మోకాలెత్తున కట్టాను. బ్యాటరీలు మార్చడం సులువని అక్కడ కట్టాను. ఆ కారణం నివేదికలో రాయలేదు.

అది ఏప్రిల్. ఈ మదింపులకు సంబంధించిన 2006 నోటిఫికేషన్ ప్రకారం వానాకాలం కాని ఒక్క సీజన్ వివరాలు చాలు. కెమెరా సెన్సర్ పట్టేది కదిలే ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ మధ్య తేడాని. నేల కాగి ఆ తేడా పోతే, జంతువు ఎదురుగా నడిచినా ఫొటో పడకపోవచ్చు. అది నాకు తెలుసు. సౌండ్ రికార్డర్లను తెల్లవారుజాము పిట్టల కూతలకే పెట్టి, మెమరీ కార్డు నిండుతుందని రాత్రంతా ఆపేశాను.

ఫొటోల్లో మేకలు, కుందేళ్లు, ఒక నక్క, గాలికి ఊగిన గడ్డి. జాబితాలో దేవాంగపిల్లి పక్కన 'లేదు' అని రాశాను. 'కనిపించలేదు' అని రాయాల్సింది. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోని జంతువది. ఉందంటే సంరక్షణ ప్రణాళిక తయారు చేయాలి.

కలివికోడి అనే పిట్టను 1900 తర్వాత ఎవరూ చూడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప అడవిలో రాత్రిపూట టార్చి వెలుగులో అది దొరికింది. ఈ కథ నేను ఎందరికో చెప్పినవాణ్ణే.

నివేదిక పంపేశాక కెమెరాలు విప్పుతుంటే మేకలు కాసే పెద్దాయన వచ్చాడు.

"ఏమేం పడినాయి నాయనా?"

చూపించాను.

"దేవాంగపిల్లి పడలేదే?"

"ఇక్కడ లేదు కదా, పెద్దాయనా."

"నేలమింద పెట్టినావు గదా. అది చెట్లమింద తిరిగేది. రాత్రికి రా, చూపిస్తా."

టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని వెళ్లాం. ఊరి బయట చింతచెట్టు పైకొమ్మలో రెండు కళ్లు నారింజ నిప్పుల్లా మెరిశాయి. చిన్న ఒళ్లు, సన్నని కాళ్లు. తొందరేమీ లేకుండా కొమ్మ మారింది. ఆయన గొంతు తగ్గించి, పక్క చెట్టులో ఇంకొకటి ఉంటుందన్నాడు.

మర్నాడు కన్సల్టెన్సీకి ఫోన్ చేశాను. నివేదిక వెళ్లిపోయిందన్నారు. సవరణ కోరుతూ ఒక్క ఉత్తరం రాయొచ్చు. బిల్లు రావలసి ఉంది; రాయలేదు.

ఆ చెట్టు మొదలుకి అప్పటికే నంబరు వేసి ఉంది.