మగ్గాలు మూగవోయిన తరువాత

చరిత్ర అనగానే మనకు కోటలు, గోపురాలు, మినారులు జ్ఞప్తికి వస్తాయి. కాని వేలాది మంది చెమటోడ్చిన కర్మాగారం కూడా చరిత్రే. అది మూతపడిన తరువాత దాని బాగోగులు చూడవలసినది ఎవరు? అమెరికాలోని లోవెల్ పట్టణం ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానం మనకు తెలుసుకొనదగినది.

మసాచుసెట్స్ రాష్ట్రంలో మెరిమాక్ నది 32 అడుగుల పల్లానికి దిగే చోట, 1820వ దశకంలో ఈ పట్టణం వెలసింది. కాలువల నీరు చక్రాలను త్రిప్పేది. చక్రాలు మగ్గాలను ఆడించేవి. పల్లెల నుండి వచ్చిన యువతులు దినానికి 12 గంటలకు పైగా పని చేసేవారు. కూలి తగ్గించబోగా 1834లో వారు సమ్మె కట్టారు. 1840 నుండి 1845 వరకు ‘లోవెల్ ఆఫరింగ్’ అనే పత్రికను తమ రచనలతో నడిపారు. కళాశాల సంచికకు వ్రాసే మనకు వారు దూరపు బంధువులు కారా?

20వ శతాబ్దంలో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కొన్ని భవనాలు నేలమట్టమయ్యాయి. ఆ దశలో పాట్రిక్ మోగన్ అనే విద్యావేత్త పట్టణమంతటినీ ఒక పాఠశాలగా మలచవచ్చునని ప్రబోధించాడు. 1974లో రాష్ట్ర ప్రభుత్వం అక్కడ వారసత్వ ఉద్యానాన్ని తలపెట్టింది. 1978 జూన్ 5న కేంద్ర ప్రభుత్వ చట్టంతో జాతీయ చారిత్రక పార్కు ఏర్పడింది. కేంద్ర, రాష్ట్ర, నగర ప్రతినిధులతో కూడిన ఒక సంరక్షణ సంఘం 1995 వరకు పనిచేసింది.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందని మన సామెత. అక్కడ ఆ దుర్గతి పట్టకపోవడానికి కారణం బాధ్యతల పంపకం. మ్యూజియం, మార్గదర్శకులు జాతీయ పార్కు శాఖ వంతు. కాలువల వెంట విహారస్థలాల విషయంలో రాష్ట్ర శాఖకు పాత్ర ఉంది. పాత కట్టడాల రూపురేఖలను నగర చారిత్రక మండలి కనిపెట్టి చూస్తుంది. 1991 నుండి విశ్వవిద్యాలయం, పార్కు కలిసి పాఠశాల విద్యార్థులకు బోధనా కేంద్రం నడుపుతున్నాయి. కాలువల నీటిని వాడుకొనే హక్కు మాత్రం ప్రైవేటు జలవిద్యుత్ సంస్థది. భవనాలలో అధిక భాగం ప్రైవేటు యాజమాన్యంలోనే ఉన్నాయి. ఒక్క శాఖ గోడలను కాపాడగలదు. నీటిని, వీధిని, బడిని కలిపి కాపాడడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

1992లో ప్రారంభమైన బూట్ మిల్లు మ్యూజియంలో 88 మగ్గాలను నడిపి చూపే ఏర్పాటు చేశారు. ఆ హోరుకు సందర్శకులకు చెవులలో పెట్టుకొనే బిరడాలు ఇచ్చేవారట. ఇది చదివినప్పుడు నా మనస్సు మా తాతగారి మీదికి పోయింది. ఆయన తెలంగాణలోని ఒక నూలు మిల్లులో పనిచేశారు. వృద్ధాప్యంలో ఆయనతో మాట్లాడాలంటే చెవి దగ్గరకు వంగవలసి వచ్చేది. ఆయన చెవులకు బిరడా ఇచ్చిన వారు లేరు. ఆ మిల్లు నేడు లేదు, ఆయనా లేరు. ఆ హోరు ఎట్లాంటిదో మా పిల్లలకు వినిపించే చోటు ఏదీ మిగలలేదు.

అయితే స్మారకం కీర్తిగానానికే పరిమితమైతే అది అర్ధసత్యమే. లోవెల్ మగ్గాలకు చేరిన ప్రత్తిలో అధిక భాగం దక్షిణాది రాష్ట్రాలలో బానిసలు పండించినది. ఆ మిల్లుల్లో నేసిన ముతక బట్ట కొంత తిరిగి ఆ బానిసల ఒంటి మీదికే పోయింది. మనకూ ఒక లంకె ఉన్నది. పట్టణానికి పేరిచ్చిన ఫ్రాన్సిస్ కేబట్ లోవెల్ ఒత్తిడి వల్ల 1816 నాటి సుంకాల చట్టంలో ఒక ఏర్పాటు చేరింది. ఎంత చౌక నూలు బట్ట అయినా చదరపు గజం 25 సెంట్ల ధర గలదిగానే లెక్కించి సుంకం వేశారు. దానితో భారతదేశపు చౌక వస్త్రాలకు ఆ విపణి ద్వారం మూసుకొనిపోయింది. ఒక చోటి మగ్గం చప్పుడు వెనుక మరొక చోటి మగ్గం మౌనం ఉంటుంది. రెండింటినీ చెప్పగలిగినప్పుడే అది చరిత్ర.

విద్యార్థి మిత్రులారా! మన ఊళ్ళలో మూతపడిన మిల్లులు, చెరకు కర్మాగారాలు, ముద్రణాలయాలు ఉన్నాయి. పురావస్తు శాఖ, పర్యాటక శాఖ, పురపాలక సంఘం ఒక బల్ల చుట్టూ కూర్చొనే దినం ఎప్పుడు వస్తుందో! ఆ బల్ల మీద ఉంచడానికి భవనం నక్షా ఒక్కటే చాలదు. అక్కడ పనిచేసిన వారి మాట కూడా కావాలి. ఆ మాటను తెలుగులో గాని, ఉర్దూలో గాని మీరు ఈ సెలవులలోనే వ్రాసి ఉంచవచ్చు. ఇంటిలోని పెద్దలను అడగండి. గోడలు కొన్నాళ్ళు ఆగగలవు, వారు ఆగలేరు.