తాత రివాల్వర్‌కు రేటెంత?

పోయిన ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున, నేను కారులో ఉండగా నాయిన దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పసుపుపచ్చగా మారిన చిన్న కాయితం. పైన పోలీస్ స్టేషన్ స్టాంపు, కింద ఎవరిదో సంతకం, మధ్యలో పెన్నుతో రాసిన ఒక నంబరు. వెనకే వాయిస్ మెసేజ్.

"అవ్వ పెట్టెల దొరికింది రా. తాత రివాల్వర్ కాయితం. నువ్వు యాడికో తుపాకుల జాతరకు పోతున్న అంటివి గద. ఆడ ఎవరినన్న అడుగు, అసొంటిదానికి ఇప్పుడు ఎంత ఉంటదో."

తుపాకుల జాతర! నేను ఆయనకు "గన్ షో" అనే చెప్పా. ఆయనే దాన్ని జాతర చేశాడు. లోపలికి వెళ్లాక తెలిసింది, అదే కరెక్ట్ మాట అని.

డాలస్ నుంచి ఒక్లహోమాలోని తుల్సాకు కారులో నాలుగు గంటలు. అక్కడి ఎక్స్‌పో స్క్వేర్‌లో ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, నవంబర్‌లో, వానెన్‌మాకర్స్ ఆర్మ్స్ షో జరుగుతుంది. 11 ఎకరాల హాలు, 4 వేలకు పైగా టేబుళ్లు. ప్రపంచంలో ఇంతకంటే పెద్దది లేదని వాళ్లు చెప్పుకుంటారు. బయట 75 అడుగుల ఆయిల్ కార్మికుడి విగ్రహం. లోపల మన జాతరలాగే పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న నాన్నలు, పల్లీలు నములుతున్న ముసలాళ్లు, బేరాలు, అలకలు. గాజులు, బొమ్మలు ఉండాల్సిన చోట తుపాకులు ఉన్నాయి, అంతే.

నన్ను తీసుకెళ్లింది మా టీమ్‌లో పనిచేసే కరీంనగర్ ఫ్రెండ్. వాడికి గ్రీన్ కార్డ్ ఉంది, పాత రివాల్వర్ల పిచ్చి ఉంది. నాకు హెచ్1బీ తప్ప ఏం లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకున్నా నేరమే. హంటింగ్ లైసెన్స్ లాంటి ఒకట్రెండు మినహాయింపులు ఉన్నాయి. ఇంకో విచిత్రం ఏంటంటే, 1898 లోపు తయారైన తుపాకీని అక్కడి ఫెడరల్ చట్టం అసలు తుపాకీగానే లెక్కపెట్టదు, అది పురాతన వస్తువు. 1899లో పుట్టిందా, తుపాకీ అయిపోయింది! నాకెందుకొచ్చిన గొడవ అని రోజంతా చేతులు వెనక్కి కట్టుకునే తిరిగా. గుడిలో దేవుడి నగలు చూసినట్టు.

మా ఫ్రెండ్ వెతికేది స్మిత్ అండ్ వెసన్ పాత మోడళ్లు. బ్యారెల్ ఫ్రేమ్‌లోకి దిగే చోట అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది. 1982 ప్రాంతంలో కంపెనీ ఆ పిన్ను తీసేసింది. ఆ గుండుసూదంత తేడాకే కలెక్టర్లు అదనంగా డాలర్లు పెడతారు. నాకు నవ్వొచ్చింది. తర్వాత గుర్తొచ్చింది, గద్వాల చీర చేతిలోకి తీసుకోగానే మా అమ్మ ముందు కొంగు, చీర కలిసిన అతుకే చూస్తుంది. షాపువాడు ఎంత పొగిడినా వినదు. ఇదీ అదే చూపు.

నేను వెతికింది వెబ్లీల కోసం. తాతది వెబ్లీ అండ్ స్కాట్, .32. కాయితం మీద అదే రాసుంది.

మూడు గంటలు తిరిగాక ఒక మూలన దొరికారు, బ్రిటిష్ రివాల్వర్లు మాత్రమే అమ్మే ఒక పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. టేబుల్ మీద పచ్చ గుడ్డ, దానిమీద తొమ్మిదో పదో వెబ్లీలు, ఒక టార్చిలైటు, ఒక భూతద్దం. అందులో రెండు అచ్చం కవలల్లా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో మొదలైన మార్క్ సిక్స్ మోడల్. ఒకదానికి 650 డాలర్ల ట్యాగు, ఇంకోదానికి 1,400. 650 దే ఎక్కువ మెరుస్తోంది. ఎందుకలా అని అడిగా.

ఆయన సంబరపడిపోయారు. అమ్మేవాళ్లకు కొనేవాడికంటే అడిగేవాడే ఇష్టం అనుకుంటా. రెండిట్నీ మధ్యకు మడిచి తెరిచి సిలిండర్ వెనక భాగం చూపించారు. వెబ్లీ తూటా .455 సైజు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన ఈ రివాల్వర్లు వేలకొద్దీ అమెరికాకు వచ్చాయి, చవగ్గా. కానీ ఆ తూటా ఇక్కడ దొరకదు. అందుకని వ్యాపారులు సిలిండర్ వెనక కొంచెం గీకేసి, అమెరికాలో ఎక్కడైనా దొరికే .45 తూటా పట్టేలా చేశారు. వాడుకునేవాడికి అది మంచిపనే. కలెక్టర్‌కు మాత్రం చచ్చిన తుపాకీ కింద లెక్క. గీకిన ఇనుము మళ్లీ రాదు కదా!

"ఇక మెరుపు సంగతి" అంటూ టార్చి వేశారు. 650 దానికి ఎవరో కొత్తగా నల్లపూత వేయించారు. పూత వేసేముందు పాలిష్ చక్రం మీద రుద్దుతారు. అప్పుడు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. స్క్రూ చుట్టూ చిన్న గుంట పడుతుంది. కంపెనీ కొట్టిన అక్షరాలు, రెక్కలున్న తూటా బొమ్మ, అది వెబ్లీ వాళ్ల ముద్ర, లోతు తగ్గి మసకబారతాయి. 1,400 దాని మీద పూత సగం పోయింది, గోధుమరంగు మచ్చలున్నాయి. కానీ అక్షరం అక్షరం వేలికి తగిలేలా ఉందట. తగిలిందో లేదో నేను చూడలేదు, చేతులు వెనకే ఉన్నాయి.

అంటే అరిగిపోయిన అసలుకు, మెరిసే కొత్త పూతకంటే రెట్టింపు రేటు. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది మునుగుతారట. ఇంట్లో తాత సామాను దొరకగానే మనం చేసే మొదటి పని తళతళలాడేలా తోమడమే కదా. చేతిలోకి తీసుకోగానే చూడాల్సిన ఇంకో విషయం నంబర్లు. పాత కోల్ట్ సింగిల్ యాక్షన్, అంటే కౌబాయ్ సినిమాల్లో అందరి నడుముకూ వేలాడేది, 1873 నాటి మోడల్. దానికి ఫ్రేమ్ మీద, ట్రిగ్గర్ గార్డ్ మీద, పిడి వెనక పట్టీ మీద ఒకే నంబరు ఉండాలి. ఒక్కటి మారినా ఎక్కడో అతుకు పడ్డట్టే.

అన్నిటికంటే పైన కాయితం. కోల్ట్ కంపెనీకి నంబరు పంపి ఫీజు కడితే, ఆ రివాల్వర్ ఏ తేదీన ఫ్యాక్టరీ దాటింది, ఏ షాపుకు వెళ్లింది అని తమ పాత రికార్డు చూసి లెటర్ ఇస్తారు. 2021 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో బోనమ్స్ వేలంలో ఒక కోల్ట్ 60 లక్షల డాలర్లు దాటింది. అప్పటి లెక్కలో దాదాపు 44 కోట్ల రూపాయలు. బిల్లీ ది కిడ్‌ను షెరీఫ్ పాట్ గారెట్ కాల్చింది దాంతోనే. అలాంటి మోడళ్లు ఈ హాల్లోనే బోలెడు. కానీ ఇదే అది అని చెప్పే రుజువులు దానికి మాత్రమే ఉన్నాయి.

"ఇక్కడికి వచ్చే ప్రతివాడి దగ్గరా తుపాకీ ఉంటుంది, కథ ఉంటుంది. కాయితం మాత్రం ఉండదు" అన్నారు పెద్దాయన.

అప్పుడు ఫోన్ తీసి నాయిన పంపిన ఫొటో చూపించా. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూశారు. తెలుగు రాతలో నంబరు, బోరు మాత్రమే ఆయనకు అర్థమయ్యేవి.

"ఇదేంటి?"

చెప్పా. మాది ధరూర్. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య నడిగడ్డ. జూరాల డ్యాం మా మండలంలోనే. తాత ఊరికి పోలీస్ పటేల్. లైసెన్స్ తీసుకుని పట్నంలో కొన్నాడు. జీవితంలో ఒక్కసారి కూడా ఎవరి మీదికీ ఎత్తలేదు. దీపావళికి గాల్లోకి పేల్చమని పిల్లలం బతిమాలితే "తూటా లెక్క చెప్పాల్రా" అనేవాడు. మా దగ్గర ఎలక్షన్ వచ్చినప్పుడల్లా లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పాలి. తాత దాన్ని తెల్ల తువాలలో చుట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, ఇచ్చి, రసీదు తెచ్చేవాడు. ఆ రసీదులు అవ్వ ట్రంకు పెట్టెలో దాచేది. నాయినకు దొరికింది వాటిలో ఒకటి.

"మరి రివాల్వర్ ఏది?" అన్నారాయన.

"అమ్మేశాం."

ఆయన నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు. "ముప్పై ఏళ్లుగా టేబుల్ వేస్తున్నా. తుపాకీ లేకుండా కాయితం తెచ్చినవాడివి నువ్వే."

తాత 2006లో పోయాడు. లైసెన్స్ మనిషితోనే పోతుంది. వారసులు తుపాకీని స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో పెట్టి, కొత్త లైసెన్స్‌కు అర్జీ పెట్టుకోవాలి. నాయిన కొన్నాళ్లు తిరిగాడు. బస్సు చార్జీలు, జెరాక్సులు, "మీకెందుకయ్యా తుపాకీ" అనే ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర కూడా జవాబు లేదు. ఆ ఏడాదే నన్ను హైదరాబాద్‌లో ఇంటర్ హాస్టల్‌లో వేశారు. చివరికి పట్నంలో ఒక డీలర్‌కు ఇచ్చేశాడు. "పాతది, ఎవరూ తీసుకోరు" అని చెప్పి ఆ షాపాయన 15 వేలు చేతిలో పెట్టాడట. అది నా హాస్టల్ మొదటి కంతు.

నేను ఇంకో మాట కూడా చెప్పా. మా చిన్నత్త పెళ్లికి ముందు తాత దాన్ని పట్నంలో రిపేరు షాపుకు తీసుకెళ్లి నికెల్ పూత వేయించాడు. వెండి గ్లాసులా మెరిసేది. నా జ్ఞాపకంలో ఉన్నది ఆ మెరుపే.

"నికెల్!" అని పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు, నాటకంగా. ".32 వెబ్లీలు మా దగ్గర తక్కువే కనబడతాయి. అసలు పూతతో, ఈ రసీదులతో ఉంటే నేనే మంచి రేటు ఇచ్చేవాణ్ని. నికెల్ వేశాక అది వాడుకునే తుపాకీ, దాచుకునేది కాదు."

తిరుగు ప్రయాణంలో మా ఫ్రెండ్ తన కొత్త స్మిత్ అండ్ వెసన్ గురించి ఆపకుండా మాట్లాడాడు. అది కారులో లేదు. వేరే రాష్ట్రంలో కొన్నాడు కాబట్టి టెక్సాస్‌లోని డీలర్‌కు పంపిస్తారు, అక్కడ ఫారం నింపి తీసుకోవాలి. నేను వింటూనే హైదరాబాద్‌లో లైసెన్స్ ఉన్న ఒక సీనియర్‌కు మెసేజ్ పెట్టా. అమెరికా రేటు సరే, మన దగ్గర సంగతేంటి అని.

జవాబు చదివాక ఫోన్ తిప్పి ఒళ్లో పెట్టుకున్నా.

మన దగ్గర లెక్క పూర్తిగా వేరు. 1980లలో విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి దాదాపు ఆగిపోయింది. దాంతో అంతకుముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతూ ఉంటాయి. .38, .455 రివాల్వర్లు ఎలాగూ నిషిద్ధ బోరు. లైసెన్స్ ఉన్నవాడు కొనగలిగే విదేశీ రివాల్వర్ అంటే ముందు గుర్తొచ్చేది .32 వెబ్లీనే. పూత ఏదైనా, మెరిసినా మెరవకపోయినా, సరిగ్గా పనిచేస్తే చాలు. ఇక్కడ కలెక్టర్లు ఉండటం కూడా కష్టమే, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. ఉన్న రెండిట్లో ఒకటి వెబ్లీ కావాలని జనం ఎదురుచూస్తారు. సీనియర్ రాసింది ఇది: "ఐదారు లక్షలకు తగ్గదు. 2006లో కూడా లక్ష పైమాటే. ఎవరైనా అమ్ముతున్నారా?"

లక్ష. ఆ ఏడాది నాయిన బోరు వేయించడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. ఆ అప్పు తీరడానికి నాకు ఉద్యోగం రావాల్సి వచ్చింది.

(ఇది నాయిన కంట పడదన్న ధైర్యంతోనే రాస్తున్నా. ఆయన ఫోన్‌లో వాట్సాప్, యూట్యూబ్‌లో భజనలు, అంతే. ధరూర్ వాళ్లు ఎవరైనా చదివితే దయచేసి మీలోనే ఉంచుకోండి.)

ఇల్లు చేరేసరికి నాకు రాత్రి, ఆయనకు ఆదివారం పొద్దున. నేను చేసేలోపే ఫోన్ వచ్చింది. వెనకాల మేకల అరుపులు.

"అడిగినవా రా?"

"అడిగిన నాయినా."

"ఎంతంట?"

ఒక్క సెకను ఆగా. వీడియో కాల్ కానందుకు మొదటిసారి సంతోషించా.

"పెద్ద రేటేం లేదంట. తాత నికెల్ పాలిష్ ఏపిచ్చిండు గద. పాలిష్ పెడితే దానికి విలువ పోతదంట. అసలు రంగు ఉంటేనే కొంటరంట."

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. తుల్సాలో ఆ పెద్దాయన చెప్పింది అక్షరాలా అదే.

అటువైపు కాసేపు మేకలే వినబడ్డాయి.

"నేను అప్పుడే చెప్పిన రా మీ తాతకు" అన్నాడు నాయిన. గొంతులో హుషారు వచ్చేసింది. "ఉన్నది ఉన్నట్టు ఉండనీ, పాలిష్ ఎందుకు అని. ఇంటేనా! పెండ్లికి నలుగురు చూడాల్నంట. మల్ల ఆ షాపాయన ఉత్తగనే అనలేదన్నట్టు, పాతది ఎవరు తీసుకోరని. పదైదు వేలన్న ఇచ్చిండు పాపం."

"అవు నాయినా."

"ఆ కాయితం ఏం జేయాల్రా? పారేయాల్నా?"

"వద్దు" అన్నా. "పెట్టెలనే ఉండనీ. వచ్చినప్పుడు నేను తీస్కపోత."