పోరు పేరు, పాట మనిషి

పాత జర్మన్ మగపిల్లల పేర్లను విప్పి చూస్తుంటే పొద్దు తెలియట్లేదు. చాలావాటిలో రెండేసి మాటలుంటాయి. గెర్హార్డ్‌లో ఈటె, దృఢత్వం. వోల్ఫ్‌గాంగ్‌లో తోడేలు, నడక. ఫ్రీడ్రిష్‌లో మాత్రం శాంతి, ఏలిక. ఈటెల నడుమ శాంతిని కోరిన ఆ పేరంటే నాకెంతో ఇష్టం! అయితే తల్లిదండ్రుల పేర్లలోంచి చెరో ముక్క తీసి బిడ్డ పేరు కట్టడమూ అప్పట్లో ఉండేది. కాబట్టి ప్రతి జంటకూ అర్థం అతకాలని లేదు.

లూడ్‌విగ్ అంటే ప్రఖ్యాతి, పోరు. ఫ్రెంచి రాజుల లూయీ కూడా ఇదే పేరు. సంగీతకర్త బీథోవెన్‌కి అది తాతగారి నుంచి వచ్చిన పేరు. ఆయన బాన్ ఆస్థాన సంగీత సారథి. 1773లో ఆయన పోయేనాటికి మనవడికి మూడేళ్లే. అయినా పెద్దయ్యాక వియన్నాకి తాతగారి చిత్రపటం తెప్పించుకున్నాడు. తాత పేరు పెట్టుకునే ఇళ్లవాళ్లకి ఆ ప్రేమ వెంటనే తెలుస్తుంది.